ఎర్ర గీత దాకా తిప్పు

బిష్కెక్, నవంబరు

అమ్మా,

ఫోన్లో కొట్టే మెసేజి అయినా ఉత్తరంలాగే పైన ఊరి పేరు రాయమన్నావుగా, రాశా. తప్పులుంటే నవ్వకు. నోటితో అయితే నాకు ఇంత కూడా రాదు, నీకు తెలుసు.

మన అత్-బాషి నుంచి తెచ్చిన నాన్న పాటల పెట్టె ఇన్నాళ్ళూ మంచం కిందే పడుంది. పోయిన వారం తీసి కంబళి విప్పా. లోపలి గాజు వాల్వు ఒక్కటీ పగల్లేదు. స్విచ్చేసి లైటార్పితే అన్నీ ఎర్రగా వెలిగాయి. కాసేపు మనింట్లో ఉన్నట్టే అనిపించింది.

మిగతా టైమంతా ఇనప తలుపే. పొద్దున పనికి పోతూ అన్న బయటినుంచి తాళం వేస్తాడు. వచ్చిన కొత్తలో చెప్పకుండా బస్టాండుకి పోయా కదా, అందుకు. బడిలో నన్ను చిన్న పిల్లల పక్కన కూచోబెట్టారు, మోకాళ్ళు బల్ల కింద పట్టలేదు, అందరూ చూస్తున్నారు. ఇక పోనన్నా. ఇప్పుడు ఐదో అంతస్తు కిటికీ, కింద మంచులో కుక్కలు, అంతే. సాయంత్రం వదిన తన పాప ఐజిరెక్‌ని తీసుకుని వస్తేనే తాళం తీసేది. ఆ పిల్ల ఒక్కతే నాతో మాట్లాడుతుంది. బాబాయ్ బాబాయ్ అని.

నువ్వేమో అన్నని నాన్న అను, వదినని అమ్మ అను, నిన్ను కన్నది వాళ్ళే అంటావు. కన్నారు సరే. మొదటి మనవడు తాతా నాయనమ్మలకే చెందాలని పాలు మరవకముందే నీ ఒళ్ళో వేశారు కదా. నాకు ఊహ తెలిసినప్పట్నుంచి నువ్వే అమ్మవి, తాతే నాన్న, వాళ్ళు అన్నా వదినా. నాన్న చచ్చిపోయాడని ఇప్పుడు అందర్నీ కొత్తగా పిలవాలంటే ఎలా? నాకు నోరు రాదు. అందుకే వాళ్ళని ఏమనీ పిలవడం లేదు. దగ్గరికెళ్ళి నిలబడతా, వాళ్ళే చూసి ఏంటని అడుగుతారు.

అన్న హాల్లో సినిమా సెట్టు ఉంది. గోడంత తెర, ముందు రెండు స్పీకర్లు, మధ్యలో ఒకటి, వెనకాల రెండు, దడదడలాడించే పెద్ద డబ్బా ఒకటి. అన్నిటికీ ఒకే రిసీవరు. సినిమా పెడితే గిన్నెలు కూడా గలగల్లాడతాయి. పాట పెడితే మాత్రం రేకు డబ్బాలో పాడినట్టుంటుంది. నాన్న పెట్టె దీనికి కలపనా అని అడిగా. రెండ్రోజులు పట్టింది అడగడానికి.

"ఏంటి, మీ నాన్న దీపాల కుంపటి నా సినిమా పక్కన పెడతావా? చేతులు కాచుకోడానికా?" అన్నాడు అన్న. ఆయనకీ నాన్నే కదా. అయినా 'మీ నాన్న' అన్నాడు.

వదిన అంది, "పెట్టనివ్వండి. ఈ ఇంటికొచ్చాక వాడు నోరు తెరిచి అడిగింది ఇదొక్కటే."

అప్పుడు అన్న, "సరే. నా సినిమాకి అడ్డం రాకుండా అది పాడితే, మార్చిలో నవ్రూజ్ పండక్కి నిన్ను నేనే ఊళ్ళో దింపుతా. అక్కడే ఉంటానంటే ఉండు. నా సెట్టు పాడైందో, ఆ మాట మళ్ళీ ఎత్తకు" అన్నాడు.

అందుకే రాస్తున్నా. ఎలా కలపాలో చెప్పు. నాకు ఇంటికి రావాలని ఉంది.

ఇంకోటి. వాళ్ళు ఏమన్నా సరే, నువ్వు మాత్రం పైన ముద్దుగా కుబాష్ అనే, కింద అమ్మ అనే రాయి.

కుబాత్


అత్-బాషి, నవంబరు

కుబాష్, నా చిన్నోడా,

టికెట్ల గదిలో కూచుని చదివా. ఈ సినిమా హాల్లో ఇప్పుడు సినిమాలెక్కడివి, పెళ్ళిళ్ళేగా. ఇవాళ పెళ్ళివాళ్ళు మైకులో కేకలేస్తుంటే నీ మెసేజి రెండుసార్లు చదవాల్సి వచ్చింది. తప్పులకి నవ్వలేదు. బల్ల కింద పట్టని మోకాళ్ళకి నవ్వా, కోప్పడకు.

ఆ పెట్టెలో ట్రాన్స్‌ఫార్మర్లు చుట్టింది నేను. టంకం పెట్టింది మీ నాన్న. పేరంతా ఆయనకే వచ్చిందనుకో. కాబట్టి నేను చెప్పినట్టు చెయ్యి.

మీ అన్న రిసీవరు వెనకాల చూడు. ముందు స్పీకర్ల శబ్దాన్ని విడిగా బయటికి తీసుకునే సాకెట్లు రెండుండాలి. ఉంటే నీ పంట పండినట్టే. అక్కణ్ణుంచి వైరు మన పెట్టెలోకి, పెట్టెలోంచి నువ్వు దాంతోపాటు మోసుకెళ్ళిన, శబ్దం పెంచే బరువు ఆంప్‌లోకి, ఆంప్‌లోంచి ముందు స్పీకర్లకి. మధ్యదీ వెనకవీ రిసీవరు దగ్గరే ఉండనీ, వాటి జోలికి పోకు. సినిమా వేసినప్పుడు మన పెట్టె దారిలో ఊరికే నిలబడి, వచ్చిందాన్ని వచ్చినట్టు పోనివ్వాలి. పాట పెట్టినప్పుడు రిసీవరుతో పని లేదు, రికార్డు ప్లేయరు వైరు నేరుగా పెట్టెకే పెట్టు, తనే పాడుతుంది.

మీ అన్న సగిన్ మాటలకి నొచ్చుకోకు. వాడి చిన్నప్పుడు మీ నాన్న వాణ్ణి ప్రొజెక్టరు గదిలో కాలు పెట్టనిచ్చేవాడు కాదు. ఫిల్ము అంటుకుంటుందని భయం. తలుపు సందులో కన్ను పెట్టి చూసేవాడు పాపం. నిన్నేమో నడక రాగానే స్టూలెక్కించాడు. వాడు ఇంటినే సినిమా హాలు చేసుకున్నాడంటే ఊరికే కాదు.

వేళకి తిను.

అమ్మ


బిష్కెక్, డిసెంబరు

అమ్మా,

ముందు తప్పు చేశా. నువ్వు చెప్పింది వదిలేసి తిరగేసి కలిపా, పెట్టెలోంచి రిసీవరులోకి. పాట మళ్ళీ రేకు డబ్బాలోకే పోయింది. పెట్టె ఉన్నా లేనట్టే. నువ్వు చెప్పినట్టే చేస్తే కుదిరింది.

కానీ ఒక చిక్కు. మన పెట్టె మీద సౌండు బొత్తాం ఉందిగా. అది ఎక్కువుంటే సినిమాలో ముందు స్పీకర్లు అరుస్తాయి, మధ్యలోంచి వచ్చే మాటలు వినపడవు. తక్కువుంటే ముందువి చచ్చిపోతాయి. రిసీవరులో ఒక పరీక్ష ఉంది, ఒక్కో స్పీకర్లోంచి వరసగా స్స్ అని వస్తుంది. ఐజిరెక్‌ని సోఫా మధ్యలో కూచోబెట్టి కళ్ళు మూసుకోమన్నా. "ఇది పెద్ద పాము. ఇది చిన్న పాము. ఇప్పుడు అన్నీ ఒక్కటే పాము బాబాయ్" అంది. బొత్తాం అక్కడ ఆపి వదిన గోళ్ళ రంగుతో ఎర్ర గీత పెట్టా. పాటలకి ఎంతైనా తిప్పుకోవచ్చు. సినిమాకి మాత్రం ముందే ఎర్ర గీత దాకా తేవాలి. మర్చిపోతే దగ్గర కూచున్నవాళ్ళ చెవులు పోతాయి.

గోళ్ళ రంగు అడక్కుండా తీశా. వదిన చూసింది. సీసా అక్కడే వదిలేసింది.

ఇప్పుడు బాధేంటంటే, రెండూ కలిసి ఉంటే సన్నగా గుయ్య్ అంటోంది. అన్న విన్నాడు. "సినిమాలో ఈగ ఎక్కడిది?" అన్నాడు.

కుబాత్


అత్-బాషి, డిసెంబరు

నా చిన్నోడా,

ఈగని చంపడం తేలిక. హాల్లో మనం చేసిందే. పెట్టె వెనకాల మేకు ఉంది చూడు, దానికి తీగ చుట్టి రెండో కొస గది వెచ్చబెట్టే వేడినీళ్ళ రేడియేటరు పైపుకి కట్టు. ఈ దేశంలో ఎర్తు అంటే రేడియేటరే, ఇంకేం ఉంది. రంగు గీకి కట్టు, గట్టిగా.

అమ్మ


బిష్కెక్, జనవరి

అమ్మా,

ఈగ పోయింది! పొద్దునంతా చప్పుడే లేదు. నాన్న దగ్గరి మూడు తీగల కోముజ్ పాటల రికార్డు పెట్టా. తాళం వేసిన ఇంట్లో ఒక్కణ్ణే కూచుని విన్నా. తీగ మీద వేలు జారడం కూడా వినపడింది.

ఆదివారం వదిన ఇంట్లోనే ఉంది. కూరలు తరుగుతూ వచ్చి కత్తి చేతిలోనే పట్టుకుని నేల మీద కూచుంది. పాట అయ్యేదాకా లేవలేదు. "మీ నాన్న దీన్ని పెళ్ళయిన కొత్తలో నాకు వినిపించాడు. నువ్వు అప్పుడు కడుపులో ఉన్నావు" అంది. టీ కాచిచ్చా.

కానీ సాయంత్రమైతే పెట్టె గుర్రుమంటోంది. ముందటి ఈగ కాదు. లావు గొంతు. మూత ముట్టుకుంటే వేళ్ళ చివర చీమలు పాకినట్టుంది. పొద్దున ఉండదు. ఎందుకు?

కుబాత్


అత్-బాషి, జనవరి

నా చిన్నోడా,

తీగ వదులైనట్టుంది. ఇంకాస్త రంగు గీకి బిగించి కట్టు.

అమ్మ


బిష్కెక్, జనవరి

అమ్మా,

బిగించి కట్టా. అంతా అయిపోయింది.

నిన్న సాయంత్రం ఐజిరెక్ స్నానం చేసి తడి కాళ్ళతో పరిగెత్తుకొచ్చింది. వాల్వులు చూడ్డం దానికి ఇష్టం. మూత మీద చెయ్యి పెట్టింది. అరవను కూడా అరవలేదు, వెనక్కి పడిపోయింది. నేను లాగి ఎత్తుకున్నా. దాని చెయ్యి చాలాసేపు అదురుతూనే ఉంది. తర్వాత ఏడ్చింది. ఏడ్చాక నాకు ప్రాణం వచ్చింది. డాక్టరు చూసి బాగానే ఉంది అన్నాడు.

అన్న వైర్లన్నీ పీకేశాడు. "మీ నాన్న చచ్చి కూడా నా కూతుర్ని చంపబోయాడు" అన్నాడు. పెట్టెని మెట్ల దగ్గర చలిలో పెట్టాడు. నవ్రూజ్ మాట ఇక ఎత్తొద్దంట. ఇప్పుడు వాళ్ళు ఇంట్లో ఉన్నప్పుడు కూడా తలుపుకి తాళమే, చెవి అన్న జేబులో.

వదిన నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది.

ఐజిరెక్ చెయ్యి చూపించి "పాము కరిచింది బాబాయ్" అంటోంది.

నేనేం తప్పు చేశానమ్మా? నువ్వు చెప్పినట్టే కట్టా కదా.

కుబాత్


అత్-బాషి, జనవరి

కుబాష్,

నువ్వేం తప్పు చేయలేదు.

ఇంట్లో టెస్టర్ స్క్రూడ్రైవరు ఉంటే సాయంత్రం అందరూ వచ్చాక దాన్ని రేడియేటరుకి ఆనించు. చెప్పులు వేసుకో. పిడి మాత్రమే పట్టుకో. పెట్టె లేకపోయినా సరే. ఏం కనపడిందో రాయి. అప్పటిదాకా ఆ పిల్లని ఏ గదిలోనూ రేడియేటరు దగ్గరికి పోనీకు.

అమ్మ


బిష్కెక్, జనవరి

అమ్మా,

టెస్టర్ వెలిగింది. రేడియేటరులోనే కరెంటు ఉంది! పెట్టె మెట్ల దగ్గరుంది, తీగ లేదు, అయినా వెలిగింది. పొద్దున ఆనిస్తే వెలగదు. సాయంత్రమే. ఎవరు పెడుతున్నారు? కింది ఫ్లాటువాళ్ళా?

కుబాత్


బిష్కెక్, ఫిబ్రవరి

అమ్మా, జవాబు రాలేదు. ఫోను ఎత్తడం లేదు. ఒంట్లో బాగుందా?

కుబాత్


అత్-బాషి, ఫిబ్రవరి

కుబాష్, నా చిన్నోడా,

ఒంట్లో బాగానే ఉంది. నీకు రాయడానికే చేతులు రాలేదు.

నువ్వు పుట్టకముందు మాట. కొలువులు పోయి, రేడియేటర్లకి వేడినీళ్ళు పంపే బాయిలరు ఆగిపోయి, పిల్లలు టోపీలు పెట్టుకునే నిద్రపోయే రోజులు. అప్పుడు ఇంటింటా ఒక ఉపాయం నడిచేది. హీటరు ఒక వైరు ప్లగ్గులో, రెండోది రేడియేటరు పైపుకి. హీటరు కాలుతుంది, మీటరు మాత్రం నిద్రపోతుంది. మనింట్లో మీ నాన్న పెట్టాడు. సగిన్ టార్చి పట్టుకున్నాడు. అప్పుడు పైపులన్నీ ఇనపవి, ఎవరికీ ఏమీ కాలేదు. ఇప్పుడు ఎవడో ఒకడు తన ఫ్లాటులో పైపు మార్చి ప్లాస్టిక్ ముక్క పెడతాడు. కరెంటుకి నేలలోకి పోయే దారి ఆగిపోతుంది. పై ఫ్లాట్లలో రేడియేటరంతా పాము అవుతుంది.

సాయంత్రం మాత్రమే అని నువ్వు రాసిన రోజే నాకు అనుమానం రావాల్సింది. రాలేదు. ఇంకా బిగించి కట్టమన్నా. మన పెట్టె ఆ పిల్లని కరవలేదురా, అది గుర్రుమని ముందే చెప్పింది. నాకే వినపడలేదు.

సాయంత్రం మీ ఇంట్లో ఏ హీటరు వేస్తారో చూడు. వైరు ముట్టుకోకు. చూడు, అంతే.

ఇక ఈ మాట నీ చేతిలో ఉంది. సగిన్‌కి నలుగురిలో పరువంటే ప్రాణం. దీన్ని పెట్టుకుని తాళం చెవి అడగాలనిపిస్తే అడుగు. నేను కాదనను, అవునని కూడా అనను.

అమ్మ


బిష్కెక్, ఫిబ్రవరి

అమ్మా,

చూశా. బాల్కనీకి అద్దాలు బిగించి గది చేశారు కదా, వదిన పని నుంచి వచ్చాక అక్కడే మిషను కుడుతుంది. ఆమె కాళ్ళ దగ్గర హీటరు. దాని రెండో వైరు గోడ వెంట పోయి కర్టెన్ వెనకాల రేడియేటరుకే. అన్న చుట్టిన టేపు. వదినకి తెలీదు.

శనివారం అన్న స్నేహితులు సినిమాకి వచ్చారు. పెట్టె లేదుగా, మళ్ళీ రేకు డబ్బానే. ఒకాయన నన్ను చూసి "ఈ కుర్రాడేనా పిల్లకి షాకు కొట్టించింది?" అన్నాడు. అందరూ తిరిగి చూశారు. అన్న తల దించుకుని కప్పులో చక్కెర కలుపుతున్నాడు. అప్పుడే చెప్పేద్దామనుకున్నా. నోటి దాకా వచ్చింది. ఒక్క మాట అంటే చాలు, నన్ను ఆ రోజే బస్సెక్కించేవాడు. అప్పుడు బాల్కనీలోంచి వదిన మిషను చప్పుడు వినపడింది, నేనంటే ఆమెకీ వినపడుతుంది. లేచి నా గదికి పోయా.

గదిలోంచి ఆయన ఫోనుకి మెసేజి కొట్టా. గోడకి అవతలే ఉన్నాడు. అయినా కొట్టా. ఇలా:

"రేడియేటర్లో కరెంటు ఉంది. బాల్కనీ హీటరు వైరు వల్ల. ఇప్పుడే తీసెయ్యండి. పిల్ల మళ్ళీ ముట్టుకుంటుంది. ఎవరికీ చెప్పను. కుబాత్."

సినిమా ఆగింది. కరెంటు పోయిందేమో అనుకున్నారు వాళ్ళు. కాసేపటికి అన్న నా గదిలోకి వచ్చి తలుపు మూశాడు. చేతిలో కోసిన వైరు ఉంది.

"ఎవరికైనా చెప్పావా?"

తల అడ్డంగా ఊపా.

"మీ అమ్మకి?"

"అమ్మే చెప్పింది ఏం వెతకాలో."

మంచం మీద కూలబడ్డాడు. వైరుని వేలికి చుట్టుకుంటూ ఉన్నాడు. "చలికి ఆమెకి వేళ్ళు కొంకర్లు పోయి సూది పట్టుకోలేకపోతోంది. అందుకు పెట్టా" అన్నాడు. తర్వాత, "నాన్న నాకు నేర్పింది ఇదొక్కటేరా. రా, టార్చి పట్టుకో అన్నాడు. ఎంత సంబరపడ్డానో. ఆ ప్రొజెక్టరు గదిలోకి మాత్రం రానివ్వలేదు."

నాన్న అన్నాడు. 'మీ నాన్న' అనలేదు.

స్నేహితులు అవతల "ఏయ్ సగిన్, హీరో చచ్చాడా బతికాడా?" అని అరుస్తున్నారు.

అన్న లేచి మెట్ల దగ్గరికెళ్ళి పెట్టె తెచ్చాడు. మూత మీద మంచు ఉంది. చొక్కా చేత్తో తుడిచి నా ముందు పెట్టి పోయాడు.

కుబాత్


బిష్కెక్, మార్చి

అమ్మా,

పెట్టె మళ్ళీ పాడుతోంది. రేడియేటరు తీగ లేదు. పెట్టె, ఆంప్, రిసీవరు మూడూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డులో పెడితే ఈగ దానంతటదే పోయింది. అంత తేలికంట. వదిన మిషను ఇప్పుడు హాల్లో, తెర పక్కనే. బాల్కనీ మూసేశారు. ఆమె కుడుతుంటే పాట నడుస్తుంది. అన్న రోజూ వచ్చి ముందు వాల్వులు వెలిగిస్తాడు. వేడెక్కేదాకా నిలబడి చూస్తాడు. నేను స్టూలు జరిపా. కూచున్నాడు.

నిన్న పొద్దున పనికి పోతూ పెట్టె మూత మీద తాళం చెవి పెట్టాడు. "నవ్రూజ్ దాకా ఆగక్కర్లేదు" అన్నాడు. నా వైపు చూడలేదు. తలుపు ఊరికే దగ్గరికి వేసి దిగిపోయాడు.

వదిన కుట్టినవి ఇవ్వడానికి ఐజిరెక్‌ని తీసుకుని వెళ్ళింది. నేను సంచీ సర్దుకున్నా. పెట్టె ముట్టుకోలేదు. వదిన దగ్గర ఇంకో తాళం చెవి ఉందిగా, తాళం వేసి నా చెవి జేబులో వేసుకుని బస్టాండుకి పోయా. ఈసారి పరిగెత్తలేదు. ఎవరూ పట్టుకోలేదు. అత్-బాషి వ్యానులో కిటికీ సీటు దొరికింది.

వ్యాను కదలబోతుంటే గుర్తొచ్చింది. ముందు రోజు అన్న పాట పెట్టి బొత్తాం బాగా పైకి తిప్పాడు. ఎర్ర గీత దాకా ఎవరూ తేలేదు. వాళ్ళు ఇంటికి రాగానే ఐజిరెక్ బొమ్మల సినిమా వేస్తుంది. ముందు స్పీకరుకి ఆనుకునే కూచుంటుంది అది.

అన్నకి చేశా, ఎత్తలేదు. ఇక వదినకి చెయ్యాలి. ఆమెకి నేనెప్పుడూ ఫోను చేయలేదు. నా నంబరు ఆమె దగ్గర లేదు. మెసేజి కొడితే టైముకి చూస్తుందో లేదో. చేశా. గాలి హోరు, ఆమె రోడ్డు మీద ఉంది. "ఎవరండీ?" అంది. "వినపడటం లేదు, ఎవరు?" అంది మళ్ళీ.

నేనెవరో చెప్పాలంటే ఆమెని ఏదో ఒకటని పిలవాలి కదమ్మా. పిలిచా. ఏమని పిలిచానో నీకు చెప్పను. నీకు అన్నీ చెప్తా, ఇదొక్కటి నా దగ్గర ఉండనీ.

అవతల గాలి హోరు తగ్గింది, ఆమె ఎక్కడో గోడ చాటుకి వచ్చినట్టుంది. ఇటు డ్రైవరు, "ఏయ్ తమ్ముడూ, ఎక్కుతావా దిగుతావా? నీ సీట్లో గొర్రెనైనా ఎక్కిస్తా, అది ఫోను మాట్లాడదు" అని అరుస్తున్నాడు. బొత్తాం ఎర్ర గీత దాకా తిప్పమని చెప్పా.

అప్పుడు ఆమె అంది, "ఆ పెట్టె మీద బొత్తాలు ఎన్నో ఉన్నాయి, నాకు భయం. నువ్వే వచ్చి తిప్పు. నువ్వొచ్చేదాకా టీవీ వెయ్యనివ్వను."

దిగేశా.

నా తాళం చెవితోనే తలుపు తీశా. వాళ్ళు నాకంటే ముందే వచ్చి కోట్లు కూడా విప్పకుండా సోఫాలో కూచున్నారు. బొత్తాం ఎర్ర గీత దాకా తిప్పా. ఐజిరెక్ "ఇప్పుడు వెయ్యొచ్చా?" అంది. వదిన నా సంచీ చూసింది. మంచం కింద కాకుండా అలమరలో పెట్టింది.

రేపు కూడా వ్యాను ఉంటుంది. తాళం చెవి జేబులోనే ఉంది. మాటిమాటికి తడిమి చూసుకుంటున్నా.

కోపం వచ్చిందా?

కుబాత్


అత్-బాషి, మార్చి

కుబాత్,

కోపం ఎందుకురా. టికెట్ల గదిలోనే కూచుని చదివా. ఇవాళ పెళ్ళిళ్ళు లేవు, ఒక్కసారికే అర్థమయింది.

ఆమెని ఏమని పిలిచావో అడగను. నిన్ను నా ఒళ్ళో వేసి వెనక్కి తిరిగి వెళ్ళేటప్పుడు ఆమె గుమ్మం దగ్గర చాలాసేపు నిలబడింది. ఏదో ఒక మాట కోసం ఆగినట్టు. పాలపిల్లాడివి, నువ్వేం అంటావు. నేను అనాల్సింది, నేనూ అనలేదు.

పండక్కి నలుగురూ రండి. సగిన్‌తో చెప్పు, ప్రొజెక్టరు గది తాళం నా దగ్గరే ఉంది, తుప్పు పట్టింది, నూనె తెచ్చుకొమ్మను. పెట్టె మాత్రం తేవద్దు. అది అక్కడ కుదిరింది, మళ్ళీ విప్పకు. ఐజిరెక్‌కి ఉన్ని మేజోళ్ళు అల్లుతున్నా, కాలు కొలత మీ అమ్మని అడిగి పంపు.

నీ మంచం అలాగే ఉంది. ఎప్పుడొచ్చినా నీదే.

నీ నాయనమ్మ